కుడిపక్కకు జరిగిన పెట్టె

ఖానాపూర్‌కు కూతవేటు దూరంలో, కాలువ దాటగానే వచ్చే ఊళ్ళో ఒక సర్కారు బడి ఉంది. అక్కడ మధ్యాహ్నం మూడో గంట కొట్టారంటే తొమ్మిదో తరగతి పిల్లలు చెప్పులు చేతబట్టుకుని కంప్యూటర్ గదికి పరుగెత్తుతారు. గదిలో ఉన్నవి ఎనిమిది కంప్యూటర్లు, పనిచేసేవి ఆరు. ముందు చేరినవాళ్ళకు ఫ్యాను కింద చోటు, వెనుకబడ్డవాళ్ళకు కిటికీ ఎండ.

వాళ్ళకు పాఠం చెప్పే భానుప్రసాద్ సారు అసలు లెక్కల పంతులు. కంప్యూటర్ పాఠం ఆయన నెత్తిన పడితే కాదనకుండా తానూ నేర్చుకుని పిల్లలకు నేర్పుతున్నాడు. అది బ్లాకులతో ప్రోగ్రాం చేయడం. టకటకా అక్షరాలు కొట్టే పని లేదు. తెరకు ఎడమపక్క నిలువుగా ఒక పెట్టె, అందులో రంగురంగుల బ్లాకులు. ‘పది అడుగులు నడువు’ అని ఒక బ్లాకు మీద రాసి ఉంటుంది, ‘నాలుగుసార్లు మళ్ళీ చేయి’ అని ఇంకొక దాని మీద. కావలసిన బ్లాకును మౌసుతో పట్టుకుని, వేలు వదలకుండా లాక్కొచ్చి, నడుమ ఖాళీలో ఒకదాని కింద ఒకటి తగిలించాలి. తగిలించిన తీరును బట్టి కుడిపక్కనున్న బొమ్మ నడుస్తుంది, గెంతుతుంది, మాట్లాడుతుంది.

గదిలో అందరి తెరలూ ఒక్క తీరుగానే ఉండేవి. నాలుగో కంప్యూటర్‌లో జమున తెర ఒక్కటే వేరుగా ఉండేది. ఆమెకు బ్లాకుల పెట్టె కుడిపక్కకు జరిగి ఉంటుంది. బొమ్మ ఆడే చోటు ఎడమకు పోయి ఉంటుంది. బ్లాకులు అరచేతంత పెద్దవి. పెట్టెలో తొమ్మిది అరలకు బదులు, ఆమెకు పనిబడే నాలుగు అరలే కనిపిస్తాయి. పనికిరాని బ్లాకును పారేసే బుట్ట కూడా కింది మూల నుంచి పైకి వచ్చింది.

మూడో కంప్యూటర్ దగ్గర కూర్చునే వనజకు ఆ తెర కంట్లో నలుసైంది.

వనజ తరగతిలో మొదటి పిల్ల. తండ్రి మస్కట్‌లో పనిచేస్తాడు. తల్లి వినోద, తండ్రిని కన్న బాపమ్మ కమలవ్వ ఇంట్లో బీడీలు చేస్తారు. మొదటి స్థానం తన సొత్తు అనుకునే పిల్లకు, పక్కనున్న జమున వారం వారం మార్కుల్లో దగ్గరికి వస్తుంటే ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. సారు జమున తెర దగ్గర నిలబడి “బాగుంది బిడ్డా” అంటే చాలు, వనజ చేతిలో మౌసు ఆగిపోయేది. తన తెర మీద కన్ను ఉండేది కాదు. పక్క తెరలో ఏ అర ఎక్కడుంది, ఏ బ్లాకు ఎంత పెద్దగా ఉంది, బుట్ట ఏ మూలన ఉంది అన్నీ చూస్తూ కూర్చునేది. పక్కింటి విస్తట్లో అన్నం ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది కదా.

జమున చెయ్యి సంగతి తరగతిలో తెలియనివాళ్ళు లేరు. మూడేళ్ళప్పుడు పొయ్యి మీద ఉడుకుతున్న జొన్న గట్క ఆమె మీద పడింది. కుడి మణికట్టు కాలి, మానేటప్పుడు తోలు బిగుసుకుపోయింది. ఆ చెయ్యి లోపలికి వస్తుంది, బయటికి తిరగదు. ఎడమ పెట్టెలోంచి బ్లాకును పట్టుకుని కుడివైపు లాగాలంటే సగం దారిలో మణికట్టు ఆగిపోయి, వేలు జారి, బ్లాకు కింద పడేది. ఎడమ చేత్తో చేసి చూసింది, దానికి అలవాటు లేదు. నెల రోజులు పడుతూ లేస్తూ ఉన్నాక సారు గమనించాడు. రెండు రోజులు ఆమె పక్కన కూర్చుని పెట్టెను అటు జరిపి ఇటు జరిపి, బ్లాకులను పెంచి తగ్గించి, చేయికి అందేటట్టు తెరను సర్దిపెట్టాడు. ఇప్పుడు బ్లాకును కుడి నుంచి లోపలికి లాక్కోవాలి. లోపలికైతే ఆ చెయ్యి వస్తుంది. ఆ అమరికను ఆమె పేరు మీద దాచిపెట్టడంతో, ఆమె పేరు కొట్టగానే తెర అట్లాగే తెరుచుకునేది.

ఇదంతా వనజకు తెలుసు. తెలిసినా లోపల కుంపటి ఆరలేదు. అందరి పెట్టె ఎడమన ఉంటే ఆమెది కుడినెందుకుండాలి? అందరూ చిన్న బ్లాకులు వెతుక్కుంటుంటే ఆమెకు పెద్ద బ్లాకులెందుకు? ఇంటర్వెల్‌లో నలుగురు పిల్లల ముందు “మేడం గారిది స్పెషల్ తెర” అన్నది. పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి జమున పేరు స్పెషల్ అయింది. జమున కూడా నవ్వింది, కానీ ఆ తర్వాత సారును పిలిచి సందేహం అడగడం తగ్గించింది.

ఇంటి దగ్గర తల్లితో చెబితే వినోద బీడీలు చుట్టే చాట మీద నుంచి తలెత్తకుండానే “గదేం న్యాయమే? దానికొక తీరు, నీకొక తీరా? సర్కారు బడిల అందరొక్కటే ఉండాలె” అన్నది. వనజకు ఆ మాట మంచినీళ్ళు తాగినట్టయింది. ఆకలేస్తే మనం అన్నం అడుగుతాం, దాహమేస్తే నీళ్ళు అడుగుతాం. ఓర్వలేనితనం పుట్టినప్పుడు మాత్రం దాని పేరు చెప్పకుండా న్యాయం అడుగుతాం. పెద్దవాళ్ళమే చేసే పని అది, పద్నాలుగేళ్ళ పిల్లను ఏమనగలం?

ఇంతలో నిర్మల్‌లో పిల్లల సైన్సు మేళా అని కబురొచ్చింది. బ్లాకులతో చేసిన పని చూపించడానికి బడికి ఒక్కరినే పంపాలి. శనివారం గంటసేపు పరీక్ష పెడతానని, ఎవరు బాగా చేస్తే వాళ్ళే పోతారని సారు చెప్పాడు. వనజ బస్సు ఆట చేస్తానన్నది. బస్టాండులో బస్సు ఆగాలి, మనుషులు ఎక్కాలి, గంట కొట్టగానే కదలాలి. జమున కాలువ గేటు చేస్తానన్నది. నీళ్ళు గీత దాటగానే గేటు దానంతటదే లేవాలి, కింద పొలం పచ్చబడాలి. వినగానే పిల్లలందరూ “గేటు మస్తుంటది” అన్నారు. బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు.

శుక్రవారం సాయంత్రం కంప్యూటర్ గది ఊడ్చే వంతు వనజది. ఊడవడం అయ్యాక నాలుగో కంప్యూటర్ ముందు నిలబడింది. లోపలికి పోవడానికి ఎవరి పేరు వాళ్ళు కొడితే చాలు, ఆ కంప్యూటర్లకు పాస్‌వర్డులు లేవు. జమున పేరు కొట్టింది. కుడిపక్క పెట్టెతో ఆ తెర తెరుచుకుంది. అమరికల పట్టీ విప్పితే అడుగున ఒక మాట కనిపించింది: ‘మొదటి రూపానికి మార్చు’. ఒక్కసారి నొక్కింది. పెట్టె గిర్రున ఎడమకు పోయింది. పెద్ద బ్లాకులు ఆవగింజలయ్యాయి. తొమ్మిది అరలూ వరుసగా వచ్చి నిలబడ్డాయి.

నేనేం దొంగతనం చేయలేదు, అందరిదీ ఎట్లుందో దీనిదీ అట్లనే చేశాను అని తనకు తాను చెప్పుకుంది. చీపురు మూలన పెట్టి, గది తాళం ఆఫీసులో ఇచ్చి ఇంటికి పోయింది.

మరునాడు పరీక్ష మొదలైంది. జమున తన పేరు కొట్టింది, తెర చూసింది. చెయ్యి ఎత్తబోయి దించుకుంది. సారు ఆ చివర ఆరో కంప్యూటర్ ఆగిపోతే దాని వైర్లు పీకి పెడుతున్నాడు. జమున ఎడమన చిన్న బ్లాకును పట్టింది, లాగింది. అది సగం దారిలో పడింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ పడింది. వనజ తన బస్సుకు చక్రాలు తిప్పుతూనే ఓరకంట చూస్తున్నది. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్క నడుస్తున్నది. గంట కొట్టేసరికి బస్సు బస్టాండు దాటింది. కాలువలో నీళ్ళైతే వచ్చాయి గాని గేటు లేవలేదు.

వనజ పేరు రాసుకుంటూ సారు జమున వైపు ఒకసారి చూసి, “ఏమైంది బిడ్డా ఇయ్యాల?” అన్నాడు. “ఏం లేదు సార్” అన్నది జమున.

బయటికి వచ్చాక జమునే ముందు పలకరించింది. “మంచిగ చేసినవే. నిర్మల్‌ల మన బడి పేరు నిలబెట్టు” అన్నది. వనజ ఊరుకోలేక, “నీ తెరల పెట్టె ఎడమకు వచ్చినట్టుంది, సారును పిలవకపోయినవా?” అని అడిగింది. జమున చెప్పులు వేసుకుంటూ నెమ్మదిగా అన్నది: “కరెంటు పోయి వచ్చినప్పుడు పోయిందనుకున్న. పిలుద్దామనే అనుకున్ననే. మళ్ల స్పెషల్ అంటరని పిలవలే.”

ఆ మాట పట్టుకుని వనజ ఇంటికి వచ్చింది. గెలిచిన సంగతి విని తల్లి కోడిగుడ్డు కూర చేసింది. వనజ కంచం పక్కకు జరిపి పడుకుంది.

ఆదివారం పొద్దున వినోద చేసిన బీడీలు అప్పగించడానికి పోయింది. కమలవ్వ స్నానానికి లేచింది. ఏదో ఒక మంచి పని చేస్తే గాని లోపల మెదిలేది ఆగదనిపించి, బాపమ్మకు సాయం చేద్దామని వనజ ఆమె చాట ఒళ్ళో పెట్టుకుంది. చాట చూస్తే వింతగా ఉంది. తంబాకు డబ్బా ఎడమపక్క, తడిపిన తునికాకు కుడిపక్క, దారం ఉండ ఎటో మూలన. అమ్మ చాటలో అన్నీ దీనికి తిరగేసి ఉంటాయి. ఇన్నేళ్ళు చూస్తూ కూడా ఎన్నడూ పట్టించుకోలేదు. వనజ అన్నీ తనకు అలవాటైన తీరుగా మార్చుకుని నాలుగు బీడీలు చుట్టింది. ఇంతలో పాలాయన కేకేస్తే గిన్నె తీసుకుని బయటికి పోయింది.

కమలవ్వ వచ్చి కూర్చుంది. ఆమెకు కళ్ళు ఆనవు, చేతులకే అన్నీ తెలుసు. తంబాకు కోసం ఎడమ చెయ్యి చాపింది. చెయ్యి పోయి తడి ఆకుల్లో పడింది. ఇదేమిటని కుడివైపు తిరగబోతే మోచేయి తగిలి తంబాకు డబ్బా ఆకుల కింది తడిబట్ట మీద బోర్లపడింది. తడిసిన తంబాకు ఇక దేనికీ పనికిరాదు.

పాలగిన్నెతో వచ్చిన వనజ గడపలోనే నిలబడిపోయింది. బాపమ్మ తిడుతుందనుకుంటే ఆమె నవ్వింది.

“నా చాట సర్దిన తల్లి ఎవలే? నేను సచ్చినంక సర్దుకోరాదు?”

“నేనే బాపమ్మా. అమ్మ చాట తీరుగ పెట్టిన. రెండు ఒక్కతీరుగ ఉంటే ఏమైతది?”

“ఏమైతదో సూస్తలేవా” అని కమలవ్వ తడిసిన తంబాకు పిడికెడు ఎత్తి చూపించింది. వెనుకటి మాట తవ్వితే ఆమెకు ఊట ఆగదు. మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టింది.

తను కొత్త కోడలుగా వచ్చినప్పుడు బీడీలు ఇండ్లలో చేసేవాళ్ళు కాదట. పెద్ద రేకుల కొట్టంలో ఆడవాళ్ళందరూ వరుసగా కూర్చుని చేసేవాళ్ళట. కమలవ్వది ఎడమచేతి వాటం. వరుస నడుమ కూర్చుంటే ఆమె మోచేయి, పక్కామె మోచేయి పొట్టేళ్ళ లెక్క పొడుచుకునేవి. అది చూసి మేస్త్రి ఆమెను వరుస కొసకు, తలుపు దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడ వెలుతురుంది, గాలి ఉంది. ఇక పక్కన కూర్చునే రామవ్వకు నిద్ర పట్టలేదు. కోడలుపిల్లకు కొసకు పీటేందని, అందరూ చేసేది ఒక్క పనే కదా, అందరూ ఒక్క తీరుగానే కూర్చోవాలని పంచాయితీ పెట్టింది. మేస్త్రికి కూడా ఆ మాట న్యాయంగానే తోచింది. కమలవ్వను తెచ్చి మళ్ళీ నడుమ కూర్చోబెట్టాడు.

“ఎనిమిది దినాలు పొడుసుకున్నం బిడ్డా” అన్నది కమలవ్వ. “నా కట్టలు వదులైనయ్, రామవ్వ కట్టలు గూడ వదులైనయ్. ఇద్దరివీ తీసి పారేసిండ్రు. తొమ్మిదో నాడు నేను అడగలే, మేస్త్రి చెప్పలే. రామవ్వనే లేసి నా చాట ఎత్తుకపోయి తలుపు కాడ పెట్టింది. పెట్టి ఏమన్నదో ఎరికేనా? ‘నీకు గాలి వస్తుందని కుళ్ళుకున్న కమలా, నీ మోచేయి సూడలే’ అన్నది. సచ్చిపోయేదాకా నాకు అక్కలెక్కనే ఉండె.”

వనజ పాలగిన్నె కింద పెట్టింది. బాపమ్మ ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చి, శుక్రవారం నాటి సంగతంతా చెప్పింది. కమలవ్వ తిట్టలేదు. ఆమె తల నిమిరి, “రామవ్వ చాట ఎత్తుకపోయింది. నువ్వేం ఎత్తుకపోతవో ఆలోచన చెయ్” అని మాత్రం అన్నది.

సోమవారం పొద్దున ప్రార్థన కాకముందే వనజ జమునను వెంటబెట్టుకుని కంప్యూటర్ గదికి పోయింది. అక్కడ సారు ముందర నిలబడి, ఎక్కడా దాచకుండా చెప్పింది. సారు కుర్చీలోంచి లేచాడు. జమున వనజనే చూస్తున్నది.

“నా బ్లాకులు పడుతుంటే సూసినవా?” అని అడిగింది.

“సూసిన.”

“ఎన్ని పడ్డయ్?”

వనజకు అబద్ధం ఆడటానికి కూడా సందు లేకపోయింది. “పదకొండు.”

“నేను గూడ పదకొండే లెక్కపెట్టిన” అన్నది జమున. అని కిటికీ వైపు తిరిగి నిలబడింది. తిట్టినా బాగుండేది వనజకు.

సారు నాలుగో కంప్యూటర్ దగ్గరికి పోయి నిలబడ్డాడు. “నాది గూడ తప్పే. పరీక్ష పెట్టేముందు తెర ఎట్లున్నదో సూడాల్సింది నేను” అన్నాడు. తన పేరు కొట్టేసి జమున పేరు రాయమని వనజ బతిమాలింది. కిటికీ దగ్గర నుంచి జమున గట్టిగా “నాకొద్దు” అన్నది. “ఎవలో ఇస్తే నేను పోను సార్. మళ్ల పరీక్ష పెట్టున్రి. నా తెర నాకియ్యిన్రి, చాలు.”

మధ్యాహ్నం మళ్ళీ పరీక్ష అనుకున్నారు. కానీ ఆ తెరను ఎట్లా సర్దాలో తెలిసేదెవరికి? జమునకు వాడటమే తెలుసు, అమర్చడం తెలియదు. సారు నెలల కింద రెండు రోజులు కష్టపడి చేశాడు, ఏ బ్లాకు ఎంత పెంచాడో, ఏ అరలు దాచాడో ఒక్కటీ గుర్తు లేదు. పెట్టెను కుడికి జరిపి, ఆ తర్వాత ఏం చేయాలో తోచక గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు.

“జర జరుగున్రి సార్” అని వనజ మౌసు పట్టుకుంది.

బ్లాకులను రెండు మెట్లు పెంచింది. తొమ్మిది అరల్లో ఐదు దాచి నాలుగే ఉంచింది. పైన కదలికల అర, దాని కింద మళ్ళీ మళ్ళీ చేసే బ్లాకుల అర, తర్వాత షరతులవి, అడుగున శబ్దాలవి. బొమ్మ ఆడే చోటును ఎడమకు తీసుకుపోయింది. చెత్తబుట్టను పైకి జరిపి, ఒకసారి తేరిపార చూసి ఇంకొంచెం లోపలికి జరిపింది. ఒక్కటీ ఆలోచించుకోలేదు. మూడు నెలలుగా ఓర్వలేని కన్ను ఆ తెరను చూసి చూసి అణువణువు బట్టీ పట్టింది. అంత శ్రద్ధగా స్నేహితులు కూడా చూడరు. కుళ్ళుతో చూసినదే ఇప్పుడు చేతి పనికి అక్కరకొచ్చింది.

జమున వచ్చి కూర్చుంది. ఒక బ్లాకు పట్టుకుని లోపలికి లాగింది. అది పడలేదు. వనజ వైపు చూడకుండానే “బుట్ట ఒక వేలెడు కిందికి” అన్నది. వనజ జరిపింది.

గంటసేపు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పనిచేశారు. వనజ ఈసారి పక్క తెర చూడలేదు. చూడకుండా ఉండటం ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. బస్సు బస్టాండులో ఆగింది, మనుషులు ఎక్కారు, గంట కొట్టి కదిలింది. పక్కన కాలువలో నీళ్ళు గీత దాటాయి, గేటు లేచింది, పొలం మడి వెంట మడి పచ్చబడింది. గది నిండా పిల్లలు చప్పట్లు కొట్టారు. సారు కాగితం మీద జమున పేరు రాశాడు. వనజకు మళ్ళీ చురుక్కుమన్నది. ఆ చురుకు ఒక్కనాటికి పోయేది కాదు. కానీ ఈసారి దానికి న్యాయమని పేరు పెట్టుకోలేదు.

సాయంత్రం సంగతి తెలిసి వినోద చాట పక్కకు నెట్టింది. “చేతికొచ్చిన దాన్ని నువ్వే ఇడిసిపెట్టుకున్నవా? ఆ పిల్లకు అన్నీ ఎక్కువ ఇచ్చి, నా పిల్లను ఉత్తగ కూసోబెట్టిండ్రా?” అని సారు మీద మండిపడింది. 

కమలవ్వ లేచింది. తన చాట తీసుకుపోయి కోడలి ఒళ్ళో పెట్టింది, కోడలి చాట తెచ్చి తన ఒళ్ళో పెట్టుకుంది. “ఒక్క కట్ట చెయ్యి వినోదా” అన్నది.

వినోద విసురుగా ఆకు కోసం చెయ్యి వేసింది. చెయ్యి తంబాకులో పడింది. దారం కోసం వెతికింది, అది అందలేదు. రెండు బీడీలు చుట్టేసరికి నుదుట చెమట పట్టింది. మూడోది విప్పుకుపోయింది. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఆమె అంత జోరుగా చుట్టేవాళ్ళు లేరు. ఆమె చేతులు ఆగిపోయాయి. అత్త ముఖం చూసింది, బిడ్డ ముఖం చూసింది.

కమలవ్వ చాటలు మళ్ళీ మార్చి, తంబాకు డబ్బాను ఎడమకు జరుపుకుంటూ అన్నది: “ఎవల చాట వాళ్ళ చేతికి అందేటట్టు పెట్టుడు ఎక్కువ ఇచ్చుడు కాదు బిడ్డా, అందరినీ ఒక్క వరుసల కూసోబెట్టుడంటే గదే.”